ఏమేం నడుస్తున్నయో చెప్పు

పెండ్లయిన రెండో ఎండకాలంల నాకు పిచ్చి లేస్తున్నదని నేనే నమ్మిన.

అప్పుడు మేము ఇస్నాపూర్‌ల కిరాయికుండేటోళ్లం. కింది పోర్షన్ మాది, పైన ఓనర్లు. మా ఆయన పటాన్‌చెరు దిక్కు ఒక మందుల కంపెనీల సూపర్‌వైజర్. పొద్దున కంపెనీ బస్సెక్కితే మళ్ల సాయంత్రమే. నేను పెండ్లికి ముందు సంగారెడ్డిల ఒక డిప్లొమా కాలేజీల కంప్యూటర్ ల్యాబు చూసుకునేదాన్ని, పిల్లలకు సీ లాంగ్వేజిల ప్రోగ్రాములు చెప్పేదాన్ని. పెండ్లయినంక మా ఆయన, "రోజూ బస్సులల్ల ఆ దుమ్మెందుకు తింటవు? ఇంట్ల కూసొనే చేసుకో" అని కొత్త లాప్‌టాప్ తెచ్చిండు. సంబురపడ్డ. దాంట్ల అన్నీ తనే పెట్టించి, తనే పాస్‌వర్డు పెట్టి నా చేతికిచ్చిండు. ఒక కంపెనీవాళ్ల వెబ్‌సైట్లల్ల తప్పులు పట్టి పంపే పని దొరికింది. పొద్దంత ఆ తెర ముందలే నా బతుకు.

కాలేజీల నాతో పనిచేసిన ఒక దోస్తు, కందిల ఉన్న పెద్ద క్యాంపస్‌ల ఉద్యోగానికి మారింది. పని నడుమ ఇద్దరం లాప్‌టాప్ మీదనే మెసేజులు పెట్టుకునేటోళ్లం. ఒకనాడు ఆమెకు రాసిన: "ఇంట్ల గోడలు మీద పడ్తున్నట్టున్నదే. ఊపిరాడ్తలేదు."

ఆ సాయంత్రం మా ఆయన చాయ్ తాగుకుంట, "కిటికీలు తీసి పెట్టుకో జెర. మనిషన్నంక ఊపిరాడాలె గద" అన్నడు.

ఉలిక్కిపడ్డ. కానీ మా ఇంటికి ఫ్యాక్టరీల వాసన కొడుతనే ఉంటది. ఆ గాలిల ఎవరైనా అనే మాటే అది అనుకొని ఊకున్న.

కొన్నాళ్లకు ఆ దోస్తు, వాళ్ల ల్యాబ్‌ల ఒక పోస్టు ఖాళీ ఉన్నదని చెప్పింది. దరఖాస్తు పంపిన. ఇంట్ల చెప్పలె, వచ్చినంక చెప్దామనుకున్న. ఆ వారమే మా ఆయన అన్నం తినుకుంట, "కంది దిక్కు ఎండలు మస్తున్నయట. రోజూ పోయొస్తే మనిషి కరిగిపోతది" అన్నడు. చేతుల ముద్ద చేతులనే ఉన్నది నాకు. ఇంటర్వ్యూ ఉన్న పొద్దున నేను చీర మడతలు పెట్టుకుంటుంటే ఆయన బూట్లు ఇప్పి సోఫాల కూసున్నడు.

"డ్యూటీకి పోవా?"

"లీవ్ పెట్టిన. ఇయ్యాల నీతోని ఉండాలనిపించింది."

పొద్దంత నాతోనే ఉన్నడు. కూరగాయలు తరిగిచ్చిండు. టీవీల సినిమా పెట్టి నా భుజం మీద చెయ్యేసిండు. ఇంటర్వ్యూ టైము అట్లనే దాటిపోయింది.

దోస్తే చెప్పి ఉంటదనుకున్న. ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టిన. "నీ మొగుని నంబరు గూడ నా దగ్గర లేదే" అని ఆమె ఏడ్చింది. నమ్మలె. ఆ తర్వాత ఆమె నాతోని మాట్లాడుడు బంద్ చేసింది. ఉన్న ఒక్క మనిషి గూడ పోయింది.

ఇగ అనుమానం ఫోను మీద పడ్డది. మొత్తం చెరిపేసి కొత్తగ పెట్టుకున్న. అయినా ఆయనకు తెలుస్తనే ఉన్నది. నేను చదివినవి, వెతికినవి, మా తమ్మునికి రాసినవి. ఏదీ సూటిగ అనడు. నా మాటే తిప్పి, నవ్వుకుంట, నా ముందల పెడ్తడు. ఒకనాడు ఓర్సుకోలేక అడిగిన:

"నువ్వు నా ఫోను చూస్తున్నవా?"

ఆయన తన ఫోను తీసి నా చేతుల పెట్టిండు. "ఇగో, నాదే నువ్వు చూసుకో. నా దగ్గర దాసుకునేదేం లేదు. నీకు అనుమానం రోగం పట్టింది. డాక్టర్‌కు చూపిద్దాం."

ఆయనే మా అమ్మకు ఫోన్ చేసిండు. మాది కొండాపూర్ మండలంల పల్లె. అమ్మ జొన్న రొట్టెలు, పచ్చి పులుసు కట్టుకొని బస్సెక్కి వచ్చింది. నన్ను వంటింట్ల కూసోబెట్టి తలకు నూనె రాసుకుంట అన్నది:

"నీ మీద పాణం పెట్టుకున్నడే ఆయన. నీకు బాగలేదని నాకు ఫోన్ల ఏడ్సిండు. గసొంటి మొగుని మీద గిట్లాంటి మాటలా?"

"అమ్మా, నేను ఎవ్వరికీ చెప్పనివి గూడ ఆయనకు ఎట్ల తెలుస్తున్నయి?"

"మొగుడు గద. మనసు తెలుస్తది."

అమ్మ పోయినంక నేను మాట్లాడుడే తగ్గించిన. ఇంట్ల ఒక్కదాన్నే ఉన్నా గుసగుసగ మాట్లాడుకునేదాన్ని. బాత్‌రూంల నల్లా తిప్పి, ఆ చప్పుడుల ఏడ్చేదాన్ని. పనికి కూసుంటే వేళ్లు ఆడకపోయేవి. తెర ముందలనే ఏడుపొచ్చేది, తుడుసుకునేదాన్ని, మళ్ల టైపు చేసేదాన్ని. ఏమో, నిజంగనే నా మెదడు పాడైందేమో, నేనే నిద్రల చెప్తున్ననేమో అనిపించేది. ఒక మధ్యాహ్నం కూరగాయలకని హైవే దాక నడిచిన. కెమికల్ ట్యాంకర్లు దడదడ పోతున్నయి. వాటి దిక్కు చూసుకుంట నిలబడ్డ. ఒక అడుగు ముందలికేస్తే అయిపోతది అనిపించింది. ఎంతసేపు నిలబడ్డనో తెల్వది. ఆటో ఒకటి వచ్చి నా ముందలనే ఆగింది. "సంగారెడ్డా అక్కా?" అన్నడు డ్రైవర్. కాదని తల ఊపి ఇంటికొచ్చిన. కూరగాయలు తేలె.

ఆ తెల్లారి లాప్‌టాప్ ముందల కూసుంటే ఒక ఆలోచన వచ్చింది. నోట్‌ప్యాడ్ తీసి, "ఐతారం చెప్పకుంట అమ్మగారింటికి పోత" అని టైపు చేసిన. ఎవ్వరికీ పంపలె, సేవ్ గూడ చెయ్యలె. చెరిపేసి మూసేసిన. నిజంగ పోవాలని గూడ నాకు లేదు.

సాయంత్రం ఆయన స్నానం చేసి వచ్చి తల తుడుసుకుంట, "ఐతారం ఎటన్న పోయే పనున్నదా నీకు?" అన్నడు.

"లేదు" అన్న. పొయ్యి దిక్కు తిరిగిన. భయమో, సంతోషమో చెప్పలేను. నాకు పిచ్చి లేదు. నా నోరు కాదు, ఫోను కాదు, దోస్తు కాదు. లాప్‌టాప్.

కంప్యూటర్‌ల నడుస్తున్న ప్రతి ప్రోగ్రామునూ ప్రాసెస్ అంటరు. మనకు కనిపించేవి కొన్ని, కనిపించకుంట వెనక నడిచేవి శానా. వాటిని చూపెట్టే టాస్క్ మేనేజర్ అని ఒకటుంటది. తెరుద్దామని నొక్కితే, మీ అడ్మినిస్ట్రేటర్ దీన్ని ఆపిండని ఒక చిన్న డబ్బా వచ్చింది. అడ్మినిస్ట్రేటర్ అంటే మా ఆయనే. వెంటనే నొక్కుడు ఆపిన. ఇది నొక్కినట్టు గూడ ఆయనకు కనిపిస్తదేమో. ఇగ ఆ తెర మీద ఏం వెతకాలన్నా, ఏం రాయాలన్నా ఆయన ముందల రాసినట్టే. ఇంట్ల గోడలు మీద పడ్డట్టున్నదని ఏదో మాటకు రాసిన నేను. అవి నిజంగనే పడ్డయి.

పైన ఉండే ఓనర్ ఆంటీవాళ్లది కృష్ణా జిల్లా. అంకుల్ ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీల చేసి రిటైరైండు. ఆయనకు ఒక పాత డెస్క్‌టాప్ ఉన్నది, పొద్దంత దాంతోని చదరంగం ఆడ్తడు. మరునాడు మా ఆయన బస్సెక్కంగనే పైకి పోయిన.

"ఆంటీ, అంకుల్ కంప్యూటర్ జెర వాడుకోవచ్చా?"

ఆంటీ నా ముఖం చూసింది. "అదేం అడగడమమ్మా, రా. ఇలా అయిపోయావేంటి? తిన్నావా అసలు?"

తినలేదని చెప్పేలోపల నాకు ఏడుపొచ్చింది. మొత్తం చెప్పిన. ఆంటీ అంకుల్ దిక్కు చూసింది. అంకుల్ గెలిచే ఆటను నడుమల ఆపి లేచిండు.

"కూర్చో తల్లీ. నీకేం కావాలో అది చేసుకో" అన్నడు.

సీల రాసింది నడిపిచ్చే కంపైలర్ ఎక్కించుకున్న. ల్యాబ్‌ల పిల్లలకు పరీక్ష కోసం చెప్పినవే తప్ప సొంతంగ ప్రోగ్రాము రాసి ఏండ్లయింది. టాస్క్ మేనేజర్‌ను ఆయన ఆపొచ్చు గని, ఆపరేటింగ్ సిస్టమ్‌ను ప్రోగ్రాముతోని నేరుగ అడగొచ్చు. ఇప్పుడు, ఈ క్షణంల, నీ లోపల ఏమేం నడుస్తున్నయో చెప్పు అని. అది ఒక స్నాప్‌షాట్, ఆ క్షణం ఫొటో లెక్క, తీసి ఇస్తది. దాంట్ల మొదటిది చూపెట్టమనాలె. తర్వాత ఇంకోటి, ఇంకోటి అని అయిపోయేదాక అడగాలె. ఒక్కోదానికి పేరు వస్తది, నంబరు వస్తది, దాన్ని లేపిన, అంటే మొదలుపెట్టిన, ప్రాసెస్ నంబరు వస్తది.

రాసి నడిపిస్తే ఏం రాలె. ఖాళీ. మళ్ల రాసిన, మళ్ల ఖాళీ. స్నాప్‌షాట్ వస్తున్నది, మొదటిదాన్ని అడిగితే లేదంటున్నది. ఇంత మాత్రం గూడ నాకు చాతకాదా అని కీబోర్డు మీద తలపెట్టి ఏడ్చిన. ఆంటీ ఉప్మా ప్లేటు, మజ్జిగ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, నా వీపు మీద చెయ్యేసి నిలబడ్డది. తిన్న. తిన్నంక ఆ జాబితా అడిగే ఫంక్షన్ గురించి నెట్ల రాసింది మొదటి నుంచి మెల్లగ చదివిన. వివరాలు నింపి ఇయ్యమని మనం ఒక ఖాళీ డబ్బా ఇస్తం గద, ఆ డబ్బా ఎంత పెద్దదో మనమే ముందుగాల దాంట్ల రాసి ఇయ్యాలె. లేకుంటే అది ముట్టదు. ఒక్క లైను. అది కలిపి నడిపిస్తే తెర నిండ పేర్లు జరజర దిగినయి. అంకుల్ చప్పట్లు కొట్టిండు.

ఇగ దాన్ని నా లాప్‌టాప్‌ల నడిపియ్యాలె, తెర మీద ఏం కనిపించొద్దు. తెర మీద ఏ విండో తెరవకుంట, పేర్లన్నీ చప్పుడు లేకుంట పెన్‌డ్రైవ్‌లనే ఒక ఫైలుల రాసుకునేటట్టు మార్చిన. ప్రోగ్రాముకు "పెండ్లి ఫొటోలు" అని పేరు పెట్టిన. కిందికి పోయి, పనికి కూసున్నట్టే కూసొని, పెన్‌డ్రైవ్ పెట్టి రెండుసార్లు నొక్కిన. ఏం కనిపించలె. తీసి పైకి ఉరికిన.

అంకుల్ కంప్యూటర్‌ల గూడ అదే నడిపి, రెండిటినీ పక్కపక్కన పెట్టినం. అంకుల్ తన దాంట్లవి ఒక్కోటి చదువుతుండు, నేను నా దాంట్ల వెతికి ఉన్నది అంటున్న. లేనివి కొన్ని దొరికినయి గని అవి నేను పనికి వాడుకునేవే. అంత చూసినం. ఏం లేదు.

"మళ్ళీ చూద్దాం. కళ్ళజోడు తుడుచుకోనీ" అన్నడు అంకుల్.

రెండోసారి నేను అక్షరం అక్షరం మీద వేలు పెట్టి చూసిన. సిస్టమ్ సొంత సర్వీసులకు ఒక పేరుంటది, అదే పేరు చాలాసార్లు వస్తది. నా దాంట్ల వాటి నడుమల ఒకదానికి రెండక్షరాలు తారుమారైనయి. తొందరల చదివితే ఎవ్వరికీ తెల్వది. మిగిలినవాటిని సిస్టమే లేపింది. దీన్ని లేపింది వేరే ప్రాసెస్.

అది ఏ ఫోల్డర్ల నుంచి నడుస్తున్నదో గూడ అడిగేటట్టు ప్రోగ్రాము మార్చి మళ్ల కిందికి పోయిన. ఈసారి దాని ఇల్లు దొరికింది. నా పేరు మీద ఉన్న ఫోల్డర్ల లోపల్లోపల దాసిపెట్టి ఉన్నది.

వైఫై బంద్ చేసిన. ఇగ తెలిస్తే తెలవనీ అనుకొని ఆ ఫోల్డర్ తెరిచిన.

లోపల అంత బొమ్మలే. నా తెర బొమ్మలు. దోస్తుకు రాసినవి, తమ్మునికి రాసినవి, దరఖాస్తు. పంపకుంట చెరిపేసినవి గూడ. కిందికి పోతుంటే నేను కనిపించిన. లాప్‌టాప్ కెమెరా తీసినవి. తల దువ్వుకుంటున్న నేను. అన్నం తింటున్న నేను. కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తున్న నేను. అవి ఒకటి కాదు, రెండు కాదు. నేను ఇన్నిసార్లు ఏడ్చిన్నా అని నాకే ఆశ్చర్యమైంది.

అంత పెన్‌డ్రైవ్‌లకు ఎక్కించి, లాప్‌టాప్ సంకల పెట్టుకొని పైకి పోయిన. ఆంటీ రెండు ఫొటోలు చూసి, లేచిపోయి మానిటర్ స్విచ్ ఆపింది. "ఇంక చాలు. ఇవాళ నువ్వు కిందికి వెళ్ళొద్దు" అన్నది.

అంకులే మా అమ్మగారింటికి ఫోన్ చేసిండు. సాయంత్రంకల్ల అమ్మ, నాయిన వచ్చిన్రు. నాయిన కంపెనీ యూనిఫాంలనే ఉన్నడు, పత్తి చేను కౌలుకిచ్చి ఆయన గూడ ఒక ఫ్యాక్టరీల చేరిండు. మా ఆయన బస్సు దిగి వచ్చేసరికి అందరం పైన ఆంటీవాళ్ల హాల్ల కూసున్నం. ఆయన టేబుల్ మీద లాప్‌టాప్ చూసిండు, నా దిక్కు చూసిండు. అబద్ధం ఆడలె. ఆడ్తడేమో అనుకున్న, అదే నయముండు.

"అవును, నేనే పెట్టిన. నా పెండ్లాం, నా ఇల్లు. బయట రోజులు ఎట్లున్నయో మీకు తెల్వదా? తప్పు చెయ్యకుంటే భయమెందుకు?"

నాయిన తల వంచుకున్నడు. "చెప్పి పెట్టుకోవాలె బిడ్డా, చెప్పకుంట పెడ్తే..." అని నసిగిండు. ఇంత చేసి చూపెట్టినా ఇంతేనా? ఇంతకన్న ఏం తేవాలె నేను? చెప్పి పెడ్తే సరిపోతుండెనా?

అప్పుడు అమ్మ లేచింది. అన్ని రోజులు నన్నే తప్పు పట్టిన మా అమ్మ. ఆయన రాకముందే ఆంటీ ఆమెకు ఒక ఏడుపు ఫొటో చూపెట్టింది. పోయి ఆయన ముందల నిలబడ్డది.

"ఇవన్నీ నువ్వు సూసినవా?"

"చూసిన."

"నా బిడ్డ ఏడుస్తుంటే సూసినవు. రోజూ సూసినవు. ఇంటికొచ్చినంక ఒక్కనాడన్న, ఎందుకు ఏడుస్తున్నవే అని అడిగినవా?"

ఆయన నిజంగనే ఆలోచించిండు. తర్వాత, అర్థం కాని పిల్లలకు చెప్పినట్టు చెప్పిండు:

"అడిగితే నేను చూస్తున్నట్టు తెలిసిపోతది గదత్తమ్మా."

నాయిన లేచి, "బట్టలు సర్దుకో బిడ్డా" అన్నడు. కిందికి అమ్మ వచ్చింది నాతోని. ఆమె చీరలు మడత పెట్టలె, కుప్పలు కుప్పలుగ సంచిల కుక్కింది. "నాకు ఫోన్ల ఏడ్సిండే" అన్నది ఒక్కటే.

ఆ తర్వాత కథ సక్కగ ఏం లేదు. సంగారెడ్డిల ఫిర్యాదు ఇచ్చినం. అది ఇంకా నడుస్తనే ఉన్నది. పెద్దమనుషులు రెండుసార్లు కూసున్నరు. "కొట్టలె, తాగడు, ఇంకో ఆడిదాని జోలికి పోడు, ఏం కష్టమమ్మా నీకు?" అని అడిగిన్రు. ఊర్ల నెలల తరబడి నేను గది తలుపు మూసుకొని, కిటికీకి దుప్పటి కట్టుకొని ఉన్న. నాయిన ఫోను టేబుల్ మీద ఉంటే దాన్ని బోర్లేసేదాన్ని. దోస్తుకు తప్పైందని చెప్పడానికి ఫోన్ చేసిన. ఎత్తింది. వానలు పడ్తున్నయా అని ఒకరినొకరం అడిగి పెట్టేసినం.

ఇప్పుడు నేను సుల్తాన్‌పూర్‌ల ఒక ఫ్యాక్టరీకి పోతున్న. సెలైన్ గొట్టాలు ప్యాక్ చేసే లైను. తలకు టోపీ, మూతికి మాస్కు, చేతులకు గ్లవ్స్. నా పక్కన ఒడిశా పిల్ల ఒకామె నిలబడ్తది, ఆమెకు తెలుగు రాదు, నాకు హిందీ అంతంతే. గొట్టాన్ని చుట్టి కవర్ల పెట్టి ముందలికి జరుపుత. ఇక్కడ నేను ఏమీ టైపు చెయ్య.

పోయిన వారం మేనేజర్ పిలిచి, నా సర్టిఫికెట్లు చూసినట్టున్నది, "కంప్యూటర్ చదువు చదివి లైన్ల ఎందుకున్నవమ్మా? మా సిస్టమ్ సెక్షన్ల మనిషి కావాలె. పైన ఏసీ గది, నీకో సొంత కంప్యూటర్" అన్నడు.

మంచి మనిషే. మంచి మాటే. ఆలోచించుకొని చెప్త సార్ అన్న. వారమైంది. పొద్దున టీ బ్రేకుల మళ్ల అడిగిండు, మళ్ల అదే చెప్పిన. గ్లవ్స్ తొడుక్కొని లైన్లకొచ్చి నిలబడ్డ. ఒడిశా పిల్ల నా ముఖం చూసి ఏమైందన్నట్టు కండ్లతోని అడిగింది. ఏం లేదని తల ఊపిన. ఆమె నమ్మలె. తన పని ఆపి, నా ముందల పేరుకుపోయిన గొట్టాలల్ల సగం తన దిక్కు జరుపుకున్నది.